1951 బ్రిటిష్ స్పీడ్‌వే రెండో డివిజన్: నారిచ్ జట్టు, జాక్ యంగ్, వినోదపు పన్ను

పరుగుబాట:
ఈ వేదికలో బ్రిటిష్ స్పీడ్‌వే (అండాకారపు బాట మీద సాగే మోటారు సైకిల్ పందేలు) ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ లండన్‌లోని వెంబ్లీ దగ్గర మొదలై వెంబ్లీ దగ్గరే ఆగిపోతోంది. వెంబ్లీ లయన్స్ జట్టు 1946 నుంచి 1953 వరకు, ఒక్క 1948 మినహా, ఏటా ఒకటో డివిజన్‌ను గెలుచుకున్న మాట నిజమే. లండన్ జట్ల వైభవాన్ని ఎవరూ కాదనరు. అయితే యుద్ధం ముగిశాక ఈ ఆటను ఊరూరా నిలబెట్టినది రెండో డివిజనేనని నా గట్టి నమ్మకం. ఆ మాట రుజువు కావాలంటే 1951 సీజన్‌ను చూస్తే చాలు.

ఆ ఏడాది రెండో డివిజన్‌లో రెండు పెద్ద సంగతులు జరిగాయి. తూర్పు ఇంగ్లండ్‌లోని నారిచ్ స్టార్స్ జట్టు వరుసగా రెండోసారి లీగ్ విజేతగా నిలిచింది. ఎడిన్‌బరో మోనార్క్స్ తరఫున పరుగెత్తుతున్న ఆస్ట్రేలియా రైడర్ జాక్ యంగ్ సెప్టెంబరులో వెంబ్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రెండో శ్రేణి జట్టులో ఉంటూ ప్రపంచ కిరీటం అందుకున్న రైడర్ అతనొక్కడే. అంతకు ముందు ఎవరూ లేరు, ఆ తరువాతా ఎవరూ లేరు.

లీగ్ తీరు తెలియని వారి కోసం కొంచెం వెనక్కి వెళతాను. యుద్ధానంతరం 1946లో ఆట మళ్లీ మొదలైనప్పుడు కింది శ్రేణిని నార్తర్న్ లీగ్ అనేవారు. అందులో మిడిల్స్‌బరో, షెఫీల్డ్, నారిచ్, బర్మింగ్‌హామ్, న్యూకాజిల్, గ్లాస్గో అనే ఆరు జట్లే ఉండేవి. 1947లో బ్రిస్టల్, విగన్ వచ్చి చేరడంతో అది ఎనిమిది జట్ల రెండో డివిజన్‌గా మారింది. మొదటి రెండేళ్లూ మిడిల్స్‌బరో, తరువాతి రెండేళ్లూ బ్రిస్టల్, ఆపై 1950, 1951లలో నారిచ్ విజేతలుగా నిలిచాయి. 1951 నాటికి ఈ డివిజన్ ఎడిన్‌బరో నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా, లివర్‌పూల్ నుంచి తూర్పు తీరంలోని యార్మత్ దాకా విస్తరించింది. మూడో డివిజన్‌లో 1950లో గెలిచిన ఆక్స్‌ఫర్డ్ జట్టు 1951లోనే పైకి వచ్చింది. ఇంతటి పోటీని లండన్ జట్ల నీడగా మాత్రమే చూడడం అన్యాయమని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇంజన్‌ప్రియుడు:
పరుగుబాట గారు మంచి విషయం ఎత్తుకున్నారు. చర్చ ముందుకు సాగేలోపు ఆ బండి గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. ఆ యంత్రం అర్థం కాకపోతే ఆ ఆటగాళ్ల గొప్పతనం సగమే అర్థమవుతుంది.

స్పీడ్‌వే బండికి బ్రేకులు ఉండవు. గేరు ఒక్కటే. ఆ రోజుల్లో దాదాపు అందరూ వాడినది లండన్‌లోని టాటెన్‌హామ్‌లో తయారైన 500 సీసీ జాప్ ఇంజను. ఒకే సిలిండరు, ఇంధనం మిథనాల్. నలుగురు రైడర్లు సాగే టేపుల ముందు వరుసగా నిలబడి, క్లచ్ పట్టుకుని, ఇంజనును హోరెత్తిస్తూ కాచుకుని ఉంటారు. టేపులు పైకి ఎగరగానే క్లచ్ వదులుతారు. మొదటి మలుపుకు చేరేలోపే సగం పందెం తేలిపోతుంది. మలుపులో రైడర్ వేగం తగ్గించడు. త్రాటిల్ తెరిచే ఉంచి వెనుక చక్రాన్ని బయటి వైపుకు జారనిస్తాడు. బాట ఎడమకు తిరుగుతుంటే ముందు చక్రం కుడికి తిరిగి ఉంటుంది. ఇనుప తొడుగు వేసిన ఎడమ కాలు నేలను రాసుకుంటూ పోతుంది. వెనుక చక్రం చిమ్మిన నుసి వెనక వచ్చేవాడి ముఖం మీదా, కంచె పక్కన నిలబడ్డ ప్రేక్షకుల మీదా పడుతుంది. నాలుగు ల్యాపులు, నిమిషం పైచిలుకు సమయం, అంతే.

ఆ ఇంజన్లకు పోసే నూనె ఆముదం నుంచి తీసినది. పాత ప్రేక్షకులు ఎవరిని అడిగినా ముందు తలచుకునేది ఆ కాలిన ఆముదపు వాసననే. మన నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే ఆముదం లాంటిదే అక్కడి శనివారపు రాత్రుల పరిమళానికి మూలమని తలచుకుంటే నాకు ఆ ఆట మరింత దగ్గరగా అనిపిస్తుంది.

లెక్కలపంతులు:
పరుగుబాట గారి అభిమానాన్ని గౌరవిస్తూనే ఒక అభ్యంతరం ముందు పెడుతున్నాను. జాక్ యంగ్ ప్రపంచ చాంపియన్ కావడం వల్ల రెండో డివిజన్ ఒకటో డివిజన్‌కు సాటి అని రుజువు కాదు. ఆనాటి ఫైనల్ ఎలా ముగిసిందో చూడండి.

ఫైనల్‌లో పదహారు మంది రైడర్లు, ఇరవై హీట్లు (నలుగురేసి తలపడే విడి పరుగులు). ప్రతి రైడర్ ఐదుసార్లు పరుగెత్తి మిగతా పదిహేను మందితోనూ ఒక్కొక్కసారి తలపడతాడు. గెలిస్తే మూడు, రెండో స్థానానికి రెండు, మూడో స్థానానికి ఒకటి, చివరివాడికి సున్నా. జాక్ బిగ్స్ అనే మరో ఆస్ట్రేలియన్ మొదటి నాలుగు పరుగులూ గెలిచి పన్నెండు పాయింట్లతో ఉన్నాడు. ఐదో పరుగులో ఒక్క పాయింటు, అంటే కనీసం మూడో స్థానం, వచ్చి ఉంటే కిరీటం అతనిదే. కానీ ఆ పరుగులో అతను చివరన వచ్చాడు. ఇంగ్లండ్‌కు చెందిన స్ప్లిట్ వాటర్‌మన్‌కూ, జాక్ యంగ్‌కూ పన్నెండు పన్నెండు పాయింట్లే రావడంతో ముగ్గురి మధ్య నిర్ణాయక పందెం పెట్టవలసి వచ్చింది. అందులో యంగ్ మొదటి స్థానం, వాటర్‌మన్ రెండో స్థానం, బిగ్స్ మూడో స్థానం దక్కించుకున్నారు.

బిగ్స్ ఆ ఒక్క పాయింటు తెచ్చుకుని ఉంటే ఈ రోజు మనం ఈ చర్చే చేసేవాళ్లం కాదు. ఒక్క పందెపు ఫలితం మీద ఒక డివిజన్ ప్రతిష్ఠ మొత్తాన్ని నిలబెట్టకూడదని నా మనవి.

పరుగుబాట:
పంతులు గారూ, ఫైనల్ గురించి మీరు చెప్పినదంతా సరే. కానీ యంగ్ ఆ పదహారు మందిలో ఒకడు ఎలా అయ్యాడో కూడా చూడాలి. ఒకటో డివిజన్ రైడర్లు ఆఖరి అర్హత దశ నుంచి మొదలుపెడితే, రెండో డివిజన్ వారు అంతకు ముందు రౌండ్ నుంచే గెలుచుకుంటూ రావాలి. అంటే వెంబ్లీకి చేరేలోపు యంగ్ మిగతా వారికంటే ఎక్కువ మెట్లు ఎక్కాడు. వారం వారం ఎడిన్‌బరో తరఫున లీగ్ పందేలు ఆడుతూనే ఆ మెట్లన్నీ ఎక్కాడు.

ఇంకో మాట. అది అదృష్టమే అయితే మరుసటి ఏడు తేలిపోవాలి. 1952లో అతను 3,750 పౌండ్ల బదిలీ రుసుముతో ఒకటో డివిజన్‌లోని వెస్ట్ హామ్‌కు వెళ్లాడు. ఆ ఏడు కూడా ప్రపంచ కిరీటం అతనిదే. ఆ పోటీ చరిత్రలో రెండుసార్లు చాంపియన్ అయిన మొదటి రైడర్ అతనే. కాబట్టి 1951లో వెంబ్లీలో గెలిచినవాడు ఆ కాలపు అత్యుత్తమ రైడరే. అలాంటివాడు 1949 నుంచి మూడు సీజన్ల పాటు రెండో డివిజన్‌లో, ఎడిన్‌బరోలోని ఓల్డ్ మెడోబ్యాంక్ మైదానంలో తయారయ్యాడు. నేను చెప్పదలచుకున్నది అదే. డివిజన్ల మధ్య గీత జట్ల యాజమాన్యాలకూ, మైదానాల సామర్థ్యానికీ సంబంధించినది. ప్రతిభ ఆ గీతను చూసి ఆగలేదు.

గోదావరిగట్టు:
పెద్దలకు నమస్కారం. నాకు ఈ ఆట కొత్త. ప్రపంచ చాంపియన్ ఎడిన్‌బరోలో ఉంటే లీగ్‌ను నారిచ్ ఎలా గెలిచింది? ఆ ఒక్కడు చాలడా?

లెక్కలపంతులు:
చాలడు తమ్ముడూ. ఎందుకు చాలడో లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆనాటి లీగ్ పందెంలో పద్నాలుగు హీట్లు ఉండేవి. ప్రతి హీట్‌లో రెండు జట్ల నుంచీ ఇద్దరేసి రైడర్లు బరిలో ఉంటారు. హీట్‌కు మొత్తం ఆరు పాయింట్లు కనుక పందెం మొత్తానికి ఎనభై నాలుగు. గెలవాలంటే నలభై మూడు కావాలి. ఒక రైడర్‌కు మామూలుగా నాలుగు పరుగులు వస్తాయి. అతను నాలుగూ గెలిచినా పన్నెండు పాయింట్లు మించవు. అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప రైడర్ తన జట్టుకు గరిష్ఠంగా ఇవ్వగలిగేది మొత్తంలో ఏడో వంతు. గెలుపుకు ఇంకా ముప్పై ఒక్క పాయింట్లు మిగతావారే తేవాలి.

ఇక్కడే మధ్య వరుస రైడర్ల విలువ తెలుస్తుంది. హీట్‌లో మనవాడు మొదట వచ్చి, అతని జోడీ చివరన వస్తే ఫలితం 3-3. గొప్ప రైడర్ గెలిచాడు, కానీ జట్టుకు ఒక్క పాయింటు ఆధిక్యం కూడా రాలేదు. అదే జోడీ మూడో స్థానం తెచ్చినా 4-2, రెండో స్థానం తెస్తే 5-1. ప్రేక్షకుల చప్పట్లు మొదటివాడికి పోతాయి, లీగ్ పట్టికను మాత్రం రెండో, మూడో స్థానాలే రాస్తాయి. యంగ్‌కు అండగా డాన్ కపుల్‌డిచ్, న్యూజిలాండ్‌కు చెందిన డిక్ క్యాంప్‌బెల్ లాంటి మంచివారే ఉన్నారు. అయినా జట్టు అడుగు దాకా ఒకే బలంతో ఉండడంలో నారిచ్‌దే పైచేయి.

పరుగుబాట గారి రెండో జవాబు చదివాక యంగ్ విషయంలో నాకు వాదన లేదు. డివిజన్ మొత్తం గురించి మాత్రం నా సందేహం నిలిచే ఉంది. జట్టులోని ఎనిమిది మందిలో మొదటివాడి నుంచి చివరివాడి వరకు బలంగా ఉన్న జట్లు రెండో డివిజన్‌లో వెంబ్లీ స్థాయిలో ఎన్ని ఉండేవి అన్నదే అసలు ప్రశ్న.

తూర్పుగాలి:
నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా నారిచ్ పరిసరాల్లో ఉంటున్నాను కనుక ఆ జట్టు గురించి రాసే బాధ్యత నాదేననుకుంటున్నాను.

నారిచ్ స్టార్స్ వారి మైదానం పేరు ఫర్స్ స్టేడియం. ఊరి వాయవ్యాన హెల్స్‌డన్‌లో ఉండేది. శనివారం సాయంత్రం అక్కడ పందెం. నారిచ్ ఉన్న నార్‌ఫోక్ అప్పటికీ ఇప్పటికీ వ్యవసాయ జిల్లా. పెద్ద కర్మాగారాల నగరాలకు దూరం. అలాంటి చోట శనివారపు స్పీడ్‌వే అంటే చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులు కట్టుకుని కుటుంబాలతో తరలివచ్చే వేడుక. మన దగ్గర జాతరకు బండ్లు కట్టినట్టే ఉండేది.

1951 జట్టులో నాకు అన్నిటికంటే నచ్చేది దాని కూర్పు. యుద్ధానికి ముందు నుంచీ పరుగెత్తిన అనుభవశాలి ప్యాడీ మిల్స్ ఒకవైపు. ఫిల్ క్లార్క్, ఫ్రెడ్ రాజర్స్ లాంటి ఇంగ్లిష్ రైడర్లు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బాబ్ లెవరెంజ్ మరోవైపు. వీరిలో ఎవరూ ప్రపంచ చాంపియన్ కాలేదు. కానీ పంతులు గారు చెప్పిన ఆ రెండో, మూడో స్థానాలను వదలకుండా ఏరుకునే పని వీరికి బాగా తెలుసు. 1946 నుంచీ ఈ శ్రేణిలోనే ఉంటూ, ఏటా కొంచెం కొంచెం కూడదీసుకుని కట్టిన జట్టు అది.

1950లో గెలిచిన తరువాత కూడా నారిచ్ రెండో డివిజన్‌లోనే ఉంది. 1951లో మళ్లీ గెలిచాకే, 1952లో ఒకటో డివిజన్‌లోకి అడుగుపెట్టింది. నేటి ఫుట్‌బాల్‌లోలా పట్టికలో పైన నిలిచినవాడు నేరుగా పైకి వెళ్లే నియమం అక్కడ ఉండేది కాదన్నది కొత్త పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. బ్రిస్టల్ సంగతి ఇంకా విచిత్రం. 1948లో వారు డివిజన్ గెలిస్తే, 1949లో పైకి వెళ్లినది రెండో స్థానంలో నిలిచిన బర్మింగ్‌హామ్. బ్రిస్టల్ రెండోసారి గెలిచాకనే 1950లో వారికి తలుపు తెరుచుకుంది.

పంతులు గారి ప్రశ్నకు నారిచ్ తరువాతి చరిత్రే కొంత జవాబు ఇస్తుంది. పైకి వెళ్లిన ఆ జట్టు ఒకటో డివిజన్‌లో స్థిరపడింది. స్వీడన్ నుంచి ఓవ్ ఫండిన్‌ను తెచ్చుకుంది. అతను నారిచ్ రైడర్‌గానే 1956, 1960, 1961, 1963లలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1964 సీజన్ ముగిశాక ఆ స్థలాన్ని ఇళ్ల నిర్మాణానికి అమ్మేశారు. ఆ వైపు వెళ్లినప్పుడల్లా మామూలు వీధులే కనిపిస్తాయి. తెలియనివారు అక్కడ అంత హోరు వినిపించేదంటే నమ్మరు.

మెడోబ్యాంక్ అభిమాని:
స్కాట్లాండ్ మాట లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1951లో అక్కడ నాలుగు జట్లుండేవి, నాలుగూ రెండో డివిజన్‌లోనే. మంగళవారం గ్లాస్గోలోని ఆష్‌ఫీల్డ్, బుధవారం అదే నగరంలోని వైట్ సిటీ, శుక్రవారం మదర్‌వెల్, శనివారం ఎడిన్‌బరో. ఓపిక, చార్జీలకు డబ్బు ఉన్న అభిమాని వారంలో నాలుగు రాత్రులు ఆట చూడగలిగేవాడు. లండన్ వెలుపల ఇంత దగ్గర దగ్గరగా స్పీడ్‌వే నడిచిన చోటు మరొకటి ఉందని నేను అనుకోను. వైట్ సిటీకి టామీ మిల్లర్ అనే స్కాటిష్ రైడర్ ఉండేవాడు. మన ఊరివాడు గెలుస్తుంటే చూసే జనం వేరు, బయటి నుంచి తెచ్చిన హీరోను చూసే జనం వేరు. మిల్లర్‌కు ఆ మొదటి రకం ఆదరణ దక్కింది.

అయితే ఆ సీజన్ స్కాట్లాండ్‌లో దుఃఖంతోనే మొదలైంది. ఆష్‌ఫీల్డ్ జెయింట్స్ ప్రాణం లాంటివాడు కెన్ లెబ్రెటన్. ఆస్ట్రేలియన్. రైడర్లంతా నల్ల తోలు దుస్తులు వేసుకునే కాలంలో తెల్ల దుస్తుల్లో పరుగెత్తేవాడు. అందుకే అతన్ని వైట్ ఘోస్ట్ అనేవారు. ఇంగ్లండ్‌లో చలికాలం రాగానే ఆస్ట్రేలియా రైడర్లు ఓడెక్కి ఇంటికి వెళ్లి అక్కడి వేసవిలో పరుగెత్తి, వసంతానికి తిరిగి వచ్చేవారు. 1951 జనవరిలో సిడ్నీలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్ట్ పందెంలో పడి లెబ్రెటన్ మరణించాడు. వసంతంలో ఆష్‌ఫీల్డ్ గేట్లు తెరుచుకునే నాటికి అతను లేడు. యంగ్ విజయగాథ చెప్పేటప్పుడు, ఆరు నెలలు ఒక గోళార్ధంలో, ఆరు నెలలు మరో గోళార్ధంలో, బ్రేకుల్లేని బండి మీద గడిపిన ఆ జీవితాల ఖరీదు కూడా చెప్పాలి. రెండో డివిజన్‌ను నిలబెట్టినది ఇలాంటివారే. వారిలో చాలామందికి అది ప్రపంచ కిరీటానికి దారి కాదు, పరుగుకు ఇంత, పాయింటుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే బతుకుతెరువు.

ఇంజన్‌ప్రియుడు:
మెడోబ్యాంక్ అభిమాని గారూ, లెబ్రెటన్‌ను తలచుకున్నందుకు కృతజ్ఞతలు. ఆ కాలపు హెల్మెట్లు తల సగమే కప్పేవి. కంచెలు కర్రవో తీగవో ఉండేవి. నేటి గాలి దిండ్ల కంచెలతో పోల్చి చూస్తే ఆ రైడర్ల గుండె ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది.

గోదావరిగట్టు:
ఇంత ఆదరణ ఉన్న ఆట తరువాత ఎందుకు తగ్గిపోయింది? నాలుగు జట్ల స్కాట్లాండ్ ఏమైంది?

పరుగుబాట:
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నా దృష్టిలో 1951 అసలు ప్రాధాన్యం ఇక్కడే ఉంది. ఆటపరంగా రెండో డివిజన్ శిఖరం మీద ఉన్న ఏడాదే దాని పునాదులు కదలడం కూడా కనిపిస్తుంది. ఆ సీజన్ మధ్యలోనే సౌతాంప్టన్ జట్టు లీగ్ నుంచి తప్పుకుంది. సీజన్ ముగిశాక న్యూకాజిల్, వాల్తమ్‌స్టో మరుసటి ఏడు రాలేదు. 1952 తరువాత ఆష్‌ఫీల్డ్ ఆగిపోయింది. 1954 ముగిసేసరికి స్కాట్లాండ్‌లో లీగ్ జట్టు ఒక్కటీ మిగలలేదు. ప్రపంచ చాంపియన్‌ను తయారుచేసిన ఓల్డ్ మెడోబ్యాంక్‌లో కూడా ఇంజన్లు ఆగిపోయాయి.

కారణాల్లో మొదటిది వినోదపు పన్ను. ఫుట్‌బాల్, క్రికెట్ లాంటి ఆటలకు తక్కువ రేటు విధించిన ప్రభుత్వం, స్పీడ్‌వేను యంత్రాల పందెంగా లెక్కగట్టి 48 శాతం దాకా వసూలు చేసింది. గేటు దగ్గర ప్రేక్షకుడు ఇచ్చిన డబ్బులో దాదాపు సగం నిర్వాహకుడి చేతికి రాకముందే పోయేది. మిగిలిన సగంలో రైడర్ల పారితోషికం, ప్రయాణాలు, మైదానం అద్దె, బాట మరమ్మతు అన్నీ గడవాలి. వెంబ్లీ లాంటి చోట వేల సంఖ్యలో జనం వస్తారు కాబట్టి తట్టుకున్నారు. ఫ్లీట్‌వుడ్, మదర్‌వెల్ లాంటి చిన్న ఊళ్లలో పందెం రోజున వరుసగా రెండు వారాలు వాన పడితే చాలు, పుస్తకాల్లో లోటు తేలేది. ఆడేది అదే ఆట, పడేవి అవే దెబ్బలు, అయినా ఇంజను ఉందన్న ఒక్క కారణంతో ఆటగాళ్లను క్రీడాకారులుగా గుర్తించని ఆ పన్ను విధానం మీద నాకు ఇప్పటికీ కోపమే.

తూర్పుగాలి:
పన్ను ఒక్కటే కాదని చేర్చాలి. 1950 మేలో పెట్రోలు రేషన్ ఎత్తేశారు. అప్పటివరకు ఊరు దాటలేని కుటుంబాలు సెలవు రోజున కారెక్కి సముద్రతీరానికి వెళ్లడం మొదలుపెట్టాయి. 1953లో రాణి పట్టాభిషేకం నాటికి టెలివిజన్ ఇళ్లలోకి వచ్చింది. యుద్ధం ముగిసిన వెంటనే వేరే వినోదం లేక మైదానాలకు పోటెత్తిన జనానికి ఇప్పుడు ఇతర దారులు దొరికాయి. పన్ను తక్కువగా ఉండి ఉంటే టికెట్ ధర తగ్గించి వారిని నిలుపుకునే వీలుండేది. ఆ వీలు లేకపోవడమే దెబ్బ తీసింది. ఈ విషయంలో పరుగుబాట గారితో పూర్తిగా ఏకీభవిస్తాను.

లెక్కలపంతులు:
జట్లు తగ్గిన కొద్దీ డివిజన్ల మధ్య గీత ఎలా చెరిగిపోయిందో కూడా రాస్తే గోదావరిగట్టుకు పూర్తి చిత్రం దొరుకుతుంది. 1951లో మూడో డివిజన్ గెలిచిన పూల్ పైరేట్స్ 1952లో రెండో డివిజన్‌కు వచ్చి మొదటి ఏడే విజేత అయింది. 1953లో కవెంట్రీ గెలిచింది. ఒకప్పుడు అంత కష్టపడి పైకి వెళ్లిన బ్రిస్టల్ 1954లో మళ్లీ కిందికి వచ్చి ఈ డివిజన్‌నే గెలిచింది. 1955లో మళ్లీ పూల్. 1957 వచ్చేసరికి రెండు శ్రేణులకు సరిపడా జట్లు లేక అన్నిటినీ ఒకే లీగ్‌గా కలిపేశారు.

దీన్నిబట్టి నా మొదటి సందేహాన్ని ఇలా సవరించి చెబుతాను. ఎనిమిది మందిలో ఎనిమిది మందీ బలంగా ఉండడంలో వెంబ్లీకి సాటి రాగల జట్లు రెండో డివిజన్‌లో అరుదే. కానీ ఆ డివిజన్ ఉన్నంతకాలం పై డివిజన్‌కు రైడర్లు, జట్లు అందుతూనే ఉన్నారు. అది ఎండిపోగానే పైది కూడా చిక్కిపోయింది. పరుగుబాట గారి వాదనలో ఈ భాగాన్ని నేను ఒప్పుకుంటున్నాను.

మెడోబ్యాంక్ అభిమాని:
గోదావరిగట్టు అడిగిన రెండో ప్రశ్నకు మిగిలిన జవాబు నేను చెబుతాను. 1960లో చిన్న పట్టణాల మైదానాలను మళ్లీ తెరిచి ప్రొవిన్షియల్ లీగ్ పేరుతో కొత్త రెండో శ్రేణిని మొదలుపెట్టారు. తొలి ఏడు రేలీ జట్టు గెలిచింది, మరుసటి ఏడు పూల్. ఆ లీగ్‌ను మొదలుపెట్టిన జట్లలో ఎడిన్‌బరో మోనార్క్స్ కూడా ఉంది. జాక్ యంగ్ పరుగెత్తిన అదే ఓల్డ్ మెడోబ్యాంక్‌లో మళ్లీ టేపులు కట్టారు. 1970 కామన్వెల్త్ క్రీడల కోసం ఆ స్థలం తీసుకునే వరకు అక్కడ పందేలు నడిచాయి. ఆ లీగ్ ఐదు సీజన్ల గురించి వేరే చర్చ మొదలుపెడదాం. ముఖ్యంగా 1964 సీజన్ గురించి రాయవలసినది చాలా ఉంది.